ఊపిరితిత్తుల కణములతో విషపరీక్షలు

మనుష్యుడు ఆహారము లేకుండ కొన్ని వారములు, నీరు లేకుండ కొన్ని దినములు బ్రతుకగలడు. గాలి లేకుండ కొన్ని నిమిషములకంటె బ్రతుకలేడు. ఇది అందరు ఎరిగినదే. అయితే ఆ గాలి ఎంతయో లెక్క కట్టి చూచినవారు అరుదు. విశ్రాంతిగా ఉన్న వయోజనుడు శ్వాసకు సుమారు అర లీటరు చొప్పున నిమిషమునకు 12 మొదలు 15 మార్లు గాలి పీల్చును. దినమునకు ఇది దాదాపు 10,000 లీటర్లు. లీటరు గాలి తూనిక 1.2 గ్రాములు కనుక మొత్తము 12 కిలోగ్రాములు. మనము తినునది, త్రాగునది అంతయు కలిపి తూచినను అందులో సగము ఉండదు. అన్నములో రాయి తగిలిన ఉమ్మివేయుదుము. నీటికి వాసన వచ్చిన పారబోయుదుము. గాలి విషయములో ఆ సౌకర్యము లేదు. ఎదురుగా ఉన్నదానినే పీల్చవలెను.

ఆ గాలి లోపల ఎట్టి పొరను తాకుచున్నదో చూడుడు. శ్వాసనాళము రెండుగా చీలి, ఆ రెండును మరల మరల చీలి, సుమారు ఇరువదిమూడు అంచెలలో సన్నని కొమ్మలై, చివరకు వాయుగోణులు అను బుడగలలో ముగియును. ఇవి మానవునిలో 30 కోట్లనుండి 50 కోట్లవరకు ఉండును. వీని గోడలన్నిటిని విప్పి నేలపై పరచగలిగినచో నూరు చదరపు గజముల ఇంటిస్థలమును కప్పివేయును. గోడ మందమా, చాలచోట్ల అర మైక్రాను మాత్రమే. తలవెండ్రుక దీనికంటె నూరంతలకు పైగా లావు. ఆ గోడకు ఒకవైపు గాలి, రెండవవైపు రక్తము. ఇంత విశాలమై ఇంత పలుచనైన మరియొక పొర మన శరీరములో లేదు. ప్రాణవాయువు సులభముగా లోనికి పోవుటకు ఏర్పడిన ఈ ఏర్పాటే విషవాయువునకును దారి యగుచున్నది.

కాపలా లేదనుకొనరాదు. పెద్దనాళముల లోపలి పొరలో శైలికలు గల కణములున్నవి. ప్రతికణముపైన వందల కొలది శైలికలు సెకండుకు పది మార్లకు పైబడి వరిచేనికి గాలి తగిలినట్లు ఒకేదిశకు వంగుచు లేచుచుండును. వాని ప్రక్కనున్న వేరు కణములు శ్లేష్మమును స్రవించును. దుమ్ము శ్లేష్మములో అంటుకొనగా శైలికలు దానిని పైకి, గొంతు వైపునకు నెట్టివేయును. లోపలి వాయుగోణులలో శైలికలు లేవు. అచట స్థూలభక్షక కణములు తిరుగుచు, వచ్చిన రేణువులను మ్రింగుచుండును. పది మైక్రానులకు మించిన ధూళి చాలవరకు ముక్కులోనే నిలిచిపోవును. ఒకటి రెండు మైక్రానుల రేణువులు మాత్రము అడుగుదాక చేరును.

ఇంత సున్నితమైన ఈ యంత్రాంగమునకు ఏ ఆవిరి ఎంత హాని చేయునో ముందుగా తెలిసికొనుట ఎట్లు? రంగులు, జిగురులు, పురుగుమందులు, ప్లాస్టిక్కు కార్మాగారములలోని ద్రావకములు, ఇంటిలో వాడు చల్లుడు మందులు - వీనిలో ఏది బజారులోనికి వచ్చినను ఎవరో ఒకరు దానిని పీల్చక తప్పదు.

ఇంతకాలము దీనికి సమాధానము ఎలుకలే చెప్పినవి. 1927లో ట్రెవన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు డిజిటాలిస్, ఇన్సులిన్ వంటి మందుల బలమును సరిపోల్చుటకు ఒక కొలత ప్రవేశపెట్టెను. ఇచ్చిన జంతువులలో సగము చనిపోవు మోతాదు ఎంత అన్నదే ఆ కొలత. మందుల బలము కొలుచుటకు పుట్టిన ఈ పద్ధతి తరువాత సమస్త రసాయనములకును వ్యాపించినది. ఆవిరుల విషయములో మోతాదునకు మారుగా గాలిలోని గాఢతను కొలుతురు. ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ 1981లో ప్రకటించి 2009లో సవరించిన 403వ పరీక్షావిధానము ననుసరించి ఎలుకలను నాలుగు గంటలు ఆవిరిలో ఉంచి, తరువాత పదునాలుగు దినములు గమనింతురు. కనీసము మూడు గాఢతలు, ఒక్కొక్కదానికి ఐదు మగవి, ఐదు ఆడవి. అనగా ఒక్క పదార్థమునకు ముప్పది ఎలుకలు. ఇది ఒక పూట పీల్చినదాని ఫలితము కొరకు. నెలల తరబడి పీల్చిన ఏమగునో తెలియవలెనన్నచో దినమునకు ఆరు గంటలు, వారమునకు ఐదు దినములు చొప్పున తొంబది దినముల పరీక్ష చేయవలెను. దానికి ఎనుబదికి తక్కువ కాకుండ ఎలుకలు కావలెను. ఆ పరీక్ష ముగిసిన పిదప బ్రతికియున్నవానిని కూడ చంపి, ఊపిరితిత్తులను కోసి సూక్ష్మదర్శినిలో చూతురు.

ఈ హింసను గూర్చిన మనస్తాపము క్రొత్తది కాదు. 1959లో రస్సెల్, బర్చ్ అను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు మానవీయ ప్రయోగ పద్ధతిని గూర్చి ఒక గ్రంథము వ్రాసి, మూడు సూత్రములు ప్రతిపాదించిరి: వీలైనచోట జంతువునకు బదులు వేరొకదానిని వాడుట, వాడక తప్పనిచోట సంఖ్యను తగ్గించుట, వాడినపుడు బాధను తగ్గించుట. మన దేశములో జంతుహింసా నివారణ చట్టము ఆ మరుసటి సంవత్సరమే, 1960లో, వచ్చినది. కాని శాస్త్రజ్ఞులను ఇటీవల ప్రత్యామ్నాయముల వైపు త్రిప్పినది దయ ఒక్కటే కాదు. ఎలుక చెప్పు సాక్ష్యము మనుష్యునికి ఎంతవరకు వర్తించును అన్న సంశయము అంతకంటె బలముగా పనిచేసినది.

ఈ సంశయమునకు స్టైరీన్ కంటె మంచి ఉదాహరణ దొరకదు. దీని పేరు తెలుగువారికి బాధాకరముగా పరిచితము. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నము సమీపమునందలి ఆర్.ఆర్. వెంకటాపురములో ఒక కార్మాగారపు తొట్టిలో నిలువయున్న స్టైరీన్ వేడెక్కి, ఆవిరియై ఊరిమీదికి వ్యాపించినది. పన్నెండుగురు మరణించిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. ఆనాటి మరణములకు కారణము అధిక గాఢతలో పీల్చిన ఆవిరి. అంత గాఢతలో అది విషమనుటలో ఏ తగాదాయు లేదు. తగాదా అంతయు తక్కువ గాఢతలో చిరకాలము పీల్చినచో ఏమగుననుదాని మీదనే. ప్లాస్టిక్కు పరిశ్రమలలో పనిచేయువారికి ఇది నిత్యజీవిత ప్రశ్న.

దీర్ఘకాల పరీక్షలో చిట్టెలుకల ఊపిరితిత్తులలో కంతులు పుట్టినవి. అంతకు చాల ఎక్కువ గాఢత పీల్చిన పెద్ద ఎలుకల ఊపిరితిత్తులలో పుట్టలేదు. రెండును ఎలుకజాతివే, ఒకదానికొకటి చుట్టములే. ఒకటి అవునన్నది, రెండవది కాదన్నది. మనుష్యుడు వీనిలో దేనిని పోలినవాడు?

కారణము వెదకగా అది కణములలో కనబడినది. చిట్టెలుక శ్వాసనాళికలలో క్లబ్ కణములు అనునవి విస్తారముగా ఉన్నవి. ఆ కణములలో సైటోక్రోమ్ కుటుంబమునకు చెందిన 2ఎఫ్2 అను ఎంజైము మెండు. అది స్టైరీనును పట్టి మార్చివేయును. ఆ మారిన పదార్థములే అసలు హాని చేయునవి. కణములు చచ్చుట, వాని స్థానములో క్రొత్తవి తొందరగా విభజన చెందుట, ఇట్లు మాటిమాటికి జరుగగా కంతి ఏర్పడుట అని ఊహించిరి. ఈ ఎంజైము పుట్టుకతోనే లేకుండునట్లు చేసిన చిట్టెలుకలకు స్టైరీన్ ఇచ్చి చూడగా ఊపిరితిత్తులకు ఆ దెబ్బ తగులలేదు. మానవులలో క్లబ్ కణములు చాలవరకు చివరి నాళికలకే పరిమితము. ఆ ఎంజైమునకు సాటియైనది ఉన్నను స్వల్పము. కనుక చిట్టెలుక కంతులు మనకు వర్తింపవని కొందరి వాదము. అయితే ఈ పరిశోధనలలో ముఖ్యమైనవానికి స్టైరీన్ పరిశ్రమయే ధనసహాయము చేసినదని కూడ పాఠకులు తెలిసికొనవలెను. అందుచేత ఫలితము తప్పని అనలేము. స్వతంత్రముగా సరిచూడవలెనని మాత్రము అనవచ్చును. 2018లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ స్టైరీనును మానవులలో బహుశః కాన్సరు కలిగించు పదార్థముల తరగతిలో చేర్చినది. చిట్టెలుకల సాక్ష్యమును త్రోసివేయుటకు వారు ఒప్పుకొనలేదు.

ఇట్టి తేడాలు స్టైరీనుతో ముగియవు. ఎలుక నోటితో పీల్చజాలదు. ముక్కే దానికి దారి. ఆ ముక్కులోని ఎముక మడతలు మనవానికంటె చాల చిక్కైనవి. కనుక నీటిలో కరుగు ఆవిరి చాలవరకు అక్కడనే ఆగిపోవును. బరువులు మోయుచు నోరు తెరచి పీల్చు కూలివానికి ఆ రక్షణ లేదు. మన నాళములు దాదాపు సమముగా రెండేసి కొమ్మలుగా చీలును. ఎలుక నాళము ఒక పెద్దకాండమునుండి ప్రక్కకొమ్మలు వచ్చినట్లు చీలును. అందుచేత ధూళి నిలుచు చోట్లే మారిపోవును. పెయింటులలో వాడు తెల్లని టైటానియం డయాక్సైడును ఘనమీటరుకు 250 మిల్లీగ్రాముల చొప్పున రెండేండ్లు పీల్పించగా ఎలుకలకు కంతులు వచ్చినట్లు 1985లో ప్రకటించిరి. దాని విషముచేత వచ్చినవా, ఏ దుమ్ముచేతనైనను ఊపిరితిత్తులు నిండి ఊడ్చుకొనలేకపోవుటచేత వచ్చినవా అను చర్చ నేటికిని ఉన్నది.

అట్లయినచో మానవుని ఊపిరితిత్తుల కణములనే అడుగరాదా?

కణములను దేహము వెలుపల బ్రతికించుట శతాబ్దము దాటిన విద్య. 1907లో రాస్ హారిసన్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు కప్పపిండపు నాడీకణములను ద్రవబిందువులో వ్రేలాడదీసి, వాని తంతువులు పెరుగుట కన్నులార చూచెను. 1951లో బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను స్త్రీ కాన్సరుకంతినుండి తీసిన కణములు అంతులేకుండ వృద్ధిపొందసాగినవి. ఆమెను అడుగకయే వానిని తీసిరి. అది వేరు కథ, చిన్నదియు కాదు. ఊపిరితిత్తులకు సంబంధించి ఎక్కువగా వాడుకలోనికి వచ్చినవి ఎ-549 అను కణములు. 1972లో 58 ఏండ్ల పురుషుని ఊపిరితిత్తి కాన్సరునుండి వీనిని సేకరించిరి. పెంచుట సులభము, చచ్చుట అరుదు, ఎక్కడ పెంచినను ఇంచుమించు ఒకేరీతిగా ఉండును. పరిశోధకునికి ఇంతకంటె ఏమి కావలెను? కాని వాని సుగుణమే వాని దోషము. అది కాన్సరుకణము. ఆరోగ్యవంతుని కణము వలె అది దెబ్బతినదు. పొరుగుకణములతో బిగువుగా అతుకుకొని గోడగా ఏర్పడదు. పైగా పెరుగునది ద్రవములో మునిగి. ఊపిరితిత్తి కణము నీటిలో మునిగినదనగా ఆ మనిషి మునిగినట్లే. పొడిని ఆ ద్రవములో కలిపినచో రేణువులు ముద్దకట్టును, కొన్ని తేలును, కొన్ని అడుగునకు దిగును. కణమునకు నిజముగా ఎంత చేరినదో చెప్పుట కష్టము. ఆవిరి మాట చెప్పనక్కరలేదు.

ఈ చిక్కును విడదీసిన ఉపాయము చూచుటకు అతి సామాన్యము. ఒక చిన్న గిన్నె; దాని అడుగు గాజుకాదు, ప్లాస్టిక్కు పొర. పొరనిండ 0.4 మైక్రాను రంధ్రములు. చిన్న చొక్కా బొత్తమంత, 6.5 మిల్లీమీటర్ల వ్యాసము గల ఇట్టి గిన్నెను మరియొక గుంటలో వ్రేలాడునట్లు అమర్తురు. శస్త్రచికిత్సలో తొలగించిన భాగములనుండియో, మరణానంతరము దానము చేయబడిన ఊపిరితిత్తులనుండియో మానవ శ్వాసనాళపు మూలకణములను తీసి, కొల్లాజెను పూసిన ఆ పొరపై నాటుదురు. మొదట కొన్ని దినములు పైన, క్రింద రెండుచోట్లను పోషకద్రవము ఉండును. కణములు పొరను కప్పివేయగానే పైద్రవమును తీసివేయుదురు. ఇక అవి క్రిందినుండి రంధ్రములగుండ ఆహారము తీసికొనుచు, పైన గాలిని తాకుచు ఉండవలెను. దేహములోని స్థితి అదే గదా. 37 డిగ్రీల వెచ్చదనములో మూడు నాలుగు వారములు గడచుసరికి ఒకే తీరుగా ఉన్న ఆ కణములు తమంతట తాము వేరువేరు వృత్తులు చేపట్టును. కొన్నిటికి శైలికలు మొలచును. కొన్ని శ్లేష్మమును స్రవించును. కొన్ని అడుగున మూలకణములుగానే నిలిచి, పాడైనవాని స్థానమును భర్తీచేయుటకు సిద్ధముగా ఉండును. సూక్ష్మదర్శిని క్రింద చూచినచో శైలికల కదలికకు శ్లేష్మము మెల్లగా తిరుగుచు కనబడును. నిర్దేశించినవాడెవడును లేకుండ, కేవలము గాలి సోకుటచేత, బొత్తమంత చోటిలో శ్వాసనాళము ఏర్పడుట నిజముగా వింతయే. ఇట్లు తయారైన కణజాలమును జాగ్రత్తగా పెంచినచో నెలల తరబడి బ్రతికియుండును. నేడు జినీవాలోని ఎపిథెలిక్స్, అమెరికాలోని మ్యాటెక్ వంటి సంస్థలు దీనిని తయారుచేసి పరిశోధనాలయములకు అమ్ముచున్నవి.

పరీక్ష చేయుట ఎట్లనగా, ఆవిరినిగాని తుంపరనుగాని కొలతతో ఈ గిన్నెల మీదికి ప్రవహింపజేయుదురు. చదరపు సెంటీమీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు దిగినదో తూచుదురు. తరువాత కణములను మూడు నాలుగు విధముల ప్రశ్నింతురు. మొదటిది, గోడ బిగువుగా ఉన్నదా? పొరకు అటునిటు రెండు విద్యుత్ ధ్రువములుంచి నిరోధము కొలుతురు. కణములు ఒండొంటితో గట్టిగా కలిసియున్నపుడు విద్యుత్తు సులభముగా పోజాలదు. సందులు విడినచో నిరోధము పడిపోవును. చెరువు గట్టుకు గండిపడినదో లేదో నీటిమట్టము చూచి తెలిసికొనినట్లే ఇదియు. రెండవది, కణములు చచ్చినవా? కణము పగిలినపుడు లాక్టేట్ డీహైడ్రోజినేస్ అను ఎంజైము బయటికి కారును. క్రిందిద్రవములో దానిని కొలుతురు. మూడవది, బ్రతికినవానిలో చైతన్యమున్నదా? రెజాజురిన్ అను నీలిరంగును ఇచ్చినచో బ్రతికిన కణములు దానిని గులాబీరంగుగా మార్చును, చచ్చినవి మార్చలేవు. ఇవిగాక శైలికల వేగము తగ్గినదా, వాపునకు సంకేతములైన ప్రోటీనులు వెలువడుచున్నవా అని కూడ చూతురు. ఎలుక విషయములో చచ్చెనా బ్రతికెనా అన్నదే మొదటి ప్రశ్న. ఇక్కడ ఎట్లు దెబ్బతినుచున్నది అన్నది ముందు తెలియును. ఈ తేడా చిన్నది కాదు.

ఇది పరిశోధనాలయపు వినోదము కాదని చూపిన సందర్భము ఒకటి చెప్పవలెను. క్లోరోథాలోనిల్ అను శిలీంధ్రనాశినిని వేరుసెనగలో తిక్క ఆకుమచ్చ తెగులునకు మన రైతులు ఎరుగుదురు. దీనిని పీల్చిన ఎలుకలకు స్వరపేటిక లోపలిపొర దెబ్బతినినది. ఈ పదార్థము తాకినచోటనే కణములలోని గంధకయుక్త పదార్థములతో చర్యజరిపి వానిని చంపును. రక్తములో కలిసి ఎక్కడికో పోయి చేయుపని ముఖ్యము కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దీర్ఘకాల ఎలుకపరీక్ష ఫలితములను కోరినది. తయారీదారైన సింజెంటా సంస్థ ఎలుకలకు బదులు వేరొక మార్గమును ప్రతిపాదించినది. ఎలుక స్వరపేటికలో తుంపర పడుతీరు వేరు, మనుష్యునిలో వేరు. కనుక మానవుని ముక్కు, గొంతు, నాళముల ఆకృతిని గణకయంత్రములో నిర్మించి, పొలములో మందుచల్లువాడు పీల్చు తుంపర ఏయే చోట ఎంత పడునో లెక్కించిరి. మానవకణజాలపు గిన్నెలపై ఎంత పడినచో హాని మొదలగునో వేరుగా కొలిచిరి. ఈ రెండు లెక్కలను కలిపి సురక్షితమైన హద్దును అంచనా వేసిరి. 2018 డిసెంబరులో ఆ సంస్థ నియమించిన శాస్త్రజ్ఞుల సలహాసంఘము దీనిని విచారించినది. అనంతరము 2021లో ప్రకటించిన ముసాయిదా అంచనాలో సంస్థ ఈ పద్ధతినే ఉపయోగించినది. ఎలుకకు బదులు మానవకణము మీదను, గణితము మీదను ఆధారపడి పీల్చువాని క్షేమమును నిర్ణయించుటకు పూనుకొన్న తొలి సందర్భములలో ఇది ముఖ్యమైనది.

తాకినచోటనే హాని చేయు పదార్థము కనుక ఇంత సుగమమైనదని గమనించవలెను. అన్ని విషములు అట్లుండవు.

గిన్నెలోని కణజాలమునకు మరియొక కొరత కలదు. అది ఊపిరి పీల్చదు. మన వాయుగోణులు పుట్టిననాటినుండి చచ్చువరకు సాగుచు ముడుచుకొనుచు ఉండును. ఈ కొరతను తీర్చుటకు 2010లో హార్వర్డు విశ్వవిద్యాలయపు విస్ సంస్థలో డోనాల్డ్ ఇంగ్బర్, డాంగున్ హూ, వారి సహచరులు ఒక పరికరమును నిర్మించిరి. బొటనవ్రేలంత పారదర్శకమైన రబ్బరు బిళ్ళ. అందులో ఒకదానిపైనొకటి రెండు సన్నని కాలువలు. నడుమ 10 మైక్రానుల మందముగల రంధ్రముల పొర. పొరకు పైన వాయుగోణుల కణములు, వానిపై గాలి. క్రింద రక్తనాళపు కణములు, వానిక్రింద రక్తమునకు మారుగా ప్రవహించు ద్రవము. కాలువలకు రెండు ప్రక్కల ఉన్న గదులలోని గాలిని యంత్రముతో పీల్చి విడిచినచో నడిమిపొర పదింట ఒకవంతు సాగి మరల ముడుచుకొనును. అదే శ్వాస. పైన బాక్టీరియా వేయగా క్రిందిద్రవములోని తెల్లకణములు పొరను దాటి వచ్చి వానిని మ్రింగినవి. సిలికా అతిసూక్ష్మ రేణువులు వేయగా, పొర కదలక ఉన్నప్పటికంటె శ్వాసించుచున్నపుడు రేణువులు కణములలోనికి ఎక్కువగా దూరి ఎక్కువ హాని చేసినవి. అనగా కదలని గిన్నెలో చేసిన పరీక్ష విషమును తక్కువగా చూపు ప్రమాదమున్నది. 2012లో అదే బృందము కాన్సరుకు ఇచ్చు ఇంటర్ల్యూకిన్-2 అను మందుతో రోగుల ఊపిరితిత్తులలో నీరుచేరు ఉపద్రవమును ఈ బిళ్ళలో పునఃసృష్టించినది. కొన్ని దినములలో గాలికాలువ నీటితో నిండిపోయినది. శ్వాసచలనమే ఆ కారుటను అధికము చేయుచున్నదని తేలినది. ఒక చమత్కారము: 2010లో బిళ్ళలో కనుగొన్నది నిజమేనా అని రుజువు చేయుటకు వారు చిట్టెలుక ఊపిరితిత్తులనే ఆశ్రయించిరి. క్రొత్తసాక్షి నమ్మదగినవాడని పాతసాక్షి చేత చెప్పించినట్లయినది.

కొరతలు ఇంకను ఉన్నవి. గిన్నెలో కాలేయము లేదు, మూత్రపిండములు లేవు, మెదడు లేదు. లోనికి పోయిన పిదప కాలేయములో మారి విషమగు పదార్థమును ఇది పసికట్టలేదు. 1984 డిసెంబరులో భోపాలు ప్రజలు పీల్చిన మిథైల్ ఐసోసయనేట్ తొలిదెబ్బ ఊపిరితిత్తులపైనను కన్నులపైనను పడినది; అట్టి తక్షణదాహమును కణములు చక్కగా చూపగలవు. కాని బ్రతికినవారు ఏండ్ల తరబడి అనుభవించిన నానావిధ వ్యాధులను ఏ గిన్నెయు ముందుగా చెప్పజాలదు. దాతకును దాతకును తేడా వేరొక చిక్కు. పొగత్రాగువాని కణములు ఒక తీరు, త్రాగనివానివి ఒక తీరు. అయితే దీనిని లోపమని మాత్రమే చూడనక్కరలేదు. ఒకే వంశములో పుట్టి ఒకే బోనులో పెరిగిన ఎలుకలు ఒకేమాట చెప్పుట సహజము, మనుష్యులు అట్లుండరు. ఉబ్బసము గలవాని కణములను వేరుగా పెంచి, వానికి ఎంత తక్కువ మోతాదు చాలునో చూచుట ఎలుకతో సాధ్యము కాదు.

ఇంకొకటి చెప్పకున్న అన్యాయమగును. కణములను పెంచుటకు తరతరములుగా వాడుచున్న పోషకద్రవములో ఆవు కడుపులోని దూడపిండమునుండి తీసిన రక్తరసము కలిపెడువారు. జంతుహింసను తప్పించు పద్ధతికి ఆహారము అక్కడనుండి! రక్తరసము లేని ద్రవములు ఇప్పుడు వచ్చినవి. శ్వాసనాళ కణజాలమునకు చాలమంది అవే వాడుచున్నారు. పాతకణములతో పనిచేయుచోట్ల మాత్రము పాత అలవాటు పూర్తిగా పోలేదు.

చట్టములు మెల్లగా దారి ఇచ్చుచున్నవి. సౌందర్య సాధనములకు జంతుపరీక్షలను మన దేశము 2014లో నిషేధించినది. క్రొత్తమందులకు జంతుపరీక్ష తప్పనిసరియన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో తొలగించినది. 2023 మార్చిలో భారతప్రభుత్వము క్రొత్తమందుల నియమావళిని సవరించి, కణజాల పరీక్షలను, బిళ్ళపై నిర్మించిన అవయవములను, గణకయంత్రపు లెక్కలను జంతుపరీక్షలతోపాటు పేర్కొన్నది. హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ కేంద్రములో మానవ నమూనాలను ప్రోత్సహించుటకు ఒక విభాగము ఏర్పడినది. 2020లో కరోనా వైరసును మానవ ఊపిరితిత్తుల కణములలో పెంచి మందులను పరీక్షించుటకు ఈ కణ, అణు జీవశాస్త్ర కేంద్రమే బెంగుళూరుకు చెందిన ఐస్టెమ్ అను సంస్థతో చేయి కలిపినది. విద్యయు, చేతులును మనకు కొదువలేదు. కావలసినది ఆపరేషను బల్లమీదనుండి వచ్చు కణజాలమును దాత అనుమతితో, శుభ్రముగా, వేళకు చేరవేయు ఏర్పాటు. కణములు ఆగవు.

ఇక మనము మొదలుపెట్టిన స్టైరీన్ మాట. దానిని మానవకణములపై పరీక్షించుట అనుకొన్నంత తేలిక కాదు. అది నీటిలో బహుకొద్దిగా కరుగును. నూనెవంటి పదార్థములలోనికి, రబ్బరులోనికి సులభముగా ఇంకిపోవును. ఇంగ్బర్ బిళ్ళకు వాడిన సిలికోను రబ్బరు ఇట్టి పదార్థములను దూదివలె పీల్చివేయును. కణములకు ఇంత మోతాదు ఇచ్చితిమని వ్రాసికొన్నదానిలో ఎంతభాగము బిళ్ళయే త్రాగివేసినదో తెలియదు. పోనీ మామూలు గిన్నెలలో చేయుదమన్నచో, పరిశోధనాలయములలో కణములు పెంచు గిన్నెలు చాలవరకు పాలీస్టైరీనుతో చేసినవి. ఆ ప్లాస్టిక్కు పుట్టినది స్టైరీనునుండియే; స్టైరీన్ తగిలినచో మెత్తబడి కరుగును. అందుచేత ఇట్టి ఆవిరులకు గాజుతోను ఉక్కుతోను చేసిన పేటికలలో, ఆవిరి ఎడతెగక ప్రవహించుచుండగా, లోనికి పోవు గాలిలోను వెలుపలికి వచ్చు గాలిలోను గాఢతను కొలిచి, ఆ తేడాను బట్టి కణములకు చేరిన మోతాదును లెక్కించుచున్నారు. సిలికోనుకు బదులుగా ఆవిరిని పీల్చని వేరు ప్లాస్టిక్కులతో బిళ్ళలు పోతపోయుటకును కొన్ని పరిశోధనాలయములలో ప్రయత్నములు సాగుచున్నవి.